మందు అడిగిన మనిషి

“అక్కా, మందు.”

“సచ్చేటప్పుడు గూడ నీకు మందేనా?”

మా ఇద్దరి మధ్య ఆఖరి మాటలు ఇవే. మొదటిది ఆయనది, రెండోది నాది. ఆయన రోడ్డు మీద వెల్లకిలా పడి ఉన్నాడు. చెవి మీది నుంచి నెత్తురు కారి, మేము వండిన అన్నం గంజిలో కలుస్తున్నది. నేను మీదికి వంగి ఆ మాట అన్నాను. నా వెనక నిలబడ్డ ఆడవాళ్లు కొందరు నవ్వారు. ఆయన మళ్లీ నోరు తెరవలేదు. కళ్లతో తన అంగీ జేబు చూపించాడు. నేను అటు చూడలేదు. చూసినా ఆ జేబులో చెయ్యి పెట్టేదాన్ని కాదేమో, అబద్ధం ఎందుకు.

మా దగ్గర దవాఖానలో ఇచ్చేదీ మందే, వైన్స్‌లో అమ్మేదీ మందే. ఆయన అడిగింది ఫిట్స్ బిళ్ల. మేము విన్నది సీసా. అక్కడున్న అందరమూ చెవులారా విన్నాం, అందరమూ తప్పే విన్నాం.

నాకు నా పేరు రాయడం వచ్చు, అది కూడా వంకరగా. అందుకని నేను చెప్తుంటే మా కోడలు రాస్తున్నది. ఆయన పేరు రాయవద్దన్నాను. మా గల్లీలో ఆయన్ను పేరుతో పిలిచినవాళ్లు లేరు. గేటాయన అనేవాళ్లు. నేనూ అంతే.

ఎల్బీనగర్ చౌరస్తా దాటి లోపలికి వస్తే మా కాలనీ. మా గల్లీ మొదట్లో రెండంతస్తుల ఇంట్లో తాగుడు, గంజాయి మాన్పించే కేంద్రం ఒకటి ఉంది. దిల్‌సుఖ్‌నగర్ దిక్కు అన్నీ కోచింగ్ పిల్లల హాస్టళ్లే కదా, మావాళ్లు దీన్ని తాగుబోతుల హాస్టల్ అనేవాళ్లు. ఆ గేటు ఎదురుగానే నా తోపుడు బండి. పొద్దున్నే కొత్తపేట పోయి ఆకుకూరలు తెచ్చి, చీకటి పడేదాకా అక్కడే అమ్ముకుంటాను. ఆయనది గేటుకు ఇవతల స్టూలు, నాది రోడ్డుకు అవతల బండి. రోజంతా ఒకరి మొహం ఒకరం చూడక తప్పదు.

మనిషి దిట్టం. తలుపంత వెడల్పు. కానీ నిలబడే తీరు బడిలో తప్పు చేసిన పిల్లవాడి తీరు. రెండు చేతులూ వెనక్కి పెట్టుకుని, ఎడమ చేత్తో కుడి మణికట్టు గట్టిగా పట్టుకుని నిలబడేవాడు. ఎండలోనూ అట్లాగే, వానలోనూ అట్లాగే. ఎవరితోనైనా గొడవ పడుతున్నప్పుడు ఆ పట్టు ఇంకా బిగిసేది. మణికట్టు చుట్టూ గాజులు తీసిన చోట పడ్డట్టు తెల్లటి గీత ఉండేది.

ఇంకొకటి ఆయన ముక్కు. ప్రతిదీ వాసన చూసేవాడు. లోపలివాళ్లను చూడడానికి చుట్టాలు వస్తే టిఫిన్ డబ్బా, నీళ్ల సీసా, తల నూనె, అన్నిటికీ మూత తీసి ముక్కు దగ్గర పెట్టుకునేవాడు. బత్తాయి పండు తొక్క మీద సూది బెజ్జం ఉందేమోనని ఎండకు పట్టి తిప్పి చూసేవాడు. బన్ను రెండుగా చీల్చేవాడు. లుంగీ అంచు వేళ్లతో తడిమి, ఎక్కడైనా గట్టిగా తగిలితే కుట్టును పళ్లతో కొరికి విప్పేవాడు. ఒకసారి ఒక తల్లి తెచ్చిన నిమ్మకాయ పచ్చడి సీసాలో వేళ్లు పెట్టి గంజాయి పొట్లం బయటికి తీశాడు. కొడుకు ఏడుస్తున్నాడని తెచ్చిందట ఆ తల్లి. అందరి ముందూ పరువు పోయిందని ఆయన చెంప మీద రెండు పీకింది. ఆయన పచ్చడి చేతిని అట్లాగే వెనక్కి పెట్టుకున్నాడు.

“కొట్టమ్మా. నువ్వు ఎంత కొట్టినా పొట్లం మాత్రం లోపలికి పోదు,” అన్నాడు.

కేంద్రం వంటమనిషి నా దగ్గరే కూర తీసుకునేది. మొదటి రోజే ఆయన నా పుంటికూర, అదే గోంగూర, కట్టలు అన్నీ విప్పి, ఒక్కొక్క కాడ దులిపి, వాసన చూశాడు. నాకు ఒళ్లు మండింది.

“ఏందయ్యా, కట్టలన్ని ఇప్పితివి. మల్ల నువ్వు కడ్తవా?”

“కడ్తా.”

“నా కూరల పురుగు సుత ఉండది. గంజాయి ఉంటదా?”

“నీ మీద అనుమానం లేదక్కా. నీ చేతికెల్లి నా చేతికొచ్చేలోపల మధ్యల ఎవని చెయ్యి పడ్డదో నాకెర్కలే.”

“మధ్యల ఎవడున్నడు? నువ్వున్నవ్, నేనున్న, గీ మోరీ ఉంది.”

మా ఇద్దరి మధ్య పారే ఆ మురికి కాలువ ముచ్చటకు ఆయన నవ్వలేదు. కింద కూర్చుని కట్టలు మళ్లీ కట్టడం మొదలుపెట్టాడు. ఒక్కటీ నిలవలేదు. కుడి చేతి వేళ్లు మూడు వంకరపోయి ఉన్నాయి, ముడి పడటం లేదు. ఆ రోజు నేనే లాక్కుని కట్టాను. తెల్లవారి నుంచి ఆయన విప్పడం, నేను తిట్టుకుంటూ కట్టడం. కొన్నాళ్లకు ఆయనకు పెట్టే కూరను కట్టకుండానే తేవడం నేర్చుకున్నాను.

ఒకసారి తలనొప్పి లేచి, “జర గోలీ ఉంటే ఇయ్యరాదు,” అని అడిగాను. ఆయన గబుక్కున గేటు లోపలికి తిరిగి చూశాడు.

“గా మాట ఈడ అనకక్కా. లోపలోళ్లకు గోలీ అంటే వేరే. అయి మింగీ మింగీనే ఈడికొచ్చిన్రు. మాట చెవుల పడ్డా చేతులు వణుకుతయి. మందు అను.”

“మందంటే వణకయా?”

“మందుకు వణికేది నా అసొంటి ముసలోళ్లు. ఇప్పటి పోరగాళ్లకు మందంటే తాత ముచ్చట.”

ఆయనకు ఫిట్స్ ఉండేది. తాగుడు మానేసినప్పుడు పట్టుకున్నదట. సున్నం డబ్బాలో బిళ్లలు పోసి అంగీ జేబులో పెట్టుకునేవాడు. మధ్యాహ్నం ఎండకు నేను బండి మీద గోనె కప్పే వేళకు, “అక్కా, నా మందు టైమైంది, నీళ్లియ్యి,” అనేవాడు. నా చెంబుతోనే నీళ్లు పోసేదాన్ని. “మొదలువెట్టినవా మల్ల మందు,” అని ఎగతాళి కూడా చేసేదాన్ని. కాబట్టి ఆ రోజు రోడ్డు మీద ఉన్న ఆడవాళ్లలో ఆయన ఏం అడిగాడో తెలియాల్సింది నాకొక్కదానికే.

సాయంత్రం దీపాలు పెట్టే వేళ ఆయన జేబులోంచి చిన్న ఫోను తీసేవాడు. నంబరు నొక్కి, చెవి దగ్గర పెట్టుకుని, అవతల ఎత్తగానే “లేదు” అనేవాడు. అంతే, పెట్టేసేవాడు. ఎవరో దేనికో పీడిస్తున్నారు, రోజూ కుదరదని చెప్తున్నాడు అనుకున్నాను చాలా కాలం. అడిగితే, “మా ఇంటామెకు. ఇయ్యాల తాగలేదని చెప్తున్న,” అన్నాడు.

“అంతేనా? తిన్నవా, పండినవా అని అడగవా?”

“ఆమె గంతే అడిగింది. తక్కినయి అడుగుడు ఎప్పుడో బంద్ వెట్టింది.”

ఆమె నల్గొండ దిక్కు పల్లెలో కూలికి పోయేది. ఈయన దగ్గరికి రాదు. ఈయనా పోడు. ఆ ఒక్క మాట మీదే వాళ్ల కాపురం నిలబడి ఉంది.

ఒక మధ్యాహ్నం లోపలి నుంచి ఒకడు ఇనుప మంచం పట్టె ఊడబీకుకుని బయటికి వచ్చాడు. చిన్న వయసే, కానీ కళ్లు మనిషివి కావు. గేటు తియ్యమని అరిచాడు. ఆయన గేటుకు వీపు ఆనించి, చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాడు. వాడు కొట్టాడు. భుజం మీద కొట్టాడు, పక్కటెముకల మీద కొట్టాడు, తొడ మీద కొట్టాడు. ఇనుము మాంసం మీద పడితే వచ్చే చప్పుడు తడి బట్టను బండ మీద బాదినట్టు ఉంటుంది. నాకు ఆ చప్పుడు మా ఇంట్లోనే తెలుసు. ఆయన నోట్లోంచి నెత్తురు వచ్చింది. అయినా చేతులు ముందుకు రాలేదు. కొట్టీ కొట్టీ వాడే అలిసిపోయి కూలబడ్డాడు. ఆయన వాడి పక్కన మెల్లగా కూర్చుని, “అయిందా?” అని అడిగాడు, అన్నం తినడం అయిందా అన్నట్టు. వాడు ఆయన ఒళ్లో మొహం పెట్టి ఏడ్చాడు.

వాణ్ణి లోపలికి తీసుకుపోయాక నేను రోడ్డు దాటి పోయాను.

“నీకు చేతులు లేవా? ఒక్కటి ఇస్తే పడిపోతుండె వాడు.”

“ఉన్నయక్కా. ఒకసారి వాడిన.” నెత్తురు ఉమ్మి, మూతి తుడుచుకుని చెప్పాడు. “పప్పు చల్లగుందని మా ఇంటామెను చెంబుతోని కొట్టిన. చెవు మీద. రోజు కొడుదును గని గట్ల ఎన్నడు కొట్టలే. తెల్లారి లేసి పిలిస్తే పలుకలే. కొంగు చెవులకు చుట్టుకొని రొట్టెలు చేస్తుంది. పిలిస్తే పలుకుతలేదని మల్ల కొట్ట లేసిన. అప్పుడు నా దిక్కు చూసి, ఇనవడ్తలేదయ్యా అన్నది. కుడి చెవు పోయింది, అప్పుడే. చెయ్యి తీస్కపోయి రోట్ల పెట్టి, నేనే రోకలితోని దంచుకున్న. అప్పటికెల్లి ఇది పగ్గం ఏసిన బర్రె. వదిలితే ఎటు పోతదో నాకు నమ్మకం లేదు.”

నేనూ నాది చెప్పాను. ఎవరికీ చెప్పనిది. మా ఆయన మేస్త్రీ పని చేసేవాడు, వచ్చింది వచ్చినట్టు తాగేవాడు. హయత్‌నగర్ అంగట్లో ఒకడు తాగుడు మాన్పించే పొడి అమ్ముతుంటే తెచ్చి, చెప్పకుండా పప్పులో కలిపి పెట్టాను. ఆయన తిని, దాని మీద తాగి, పేగులు బయటపడేటట్టు కక్కాడు. పొడి పొట్లం దొరికింది. మట్టం కర్రతో నా మోచెయ్యి విరగ్గొట్టాడు. ఏడాదికి పసిరికలై, కళ్లు పచ్చబడి పోయాడు. శవం ఇంట్లో ఉండగానే మా అత్త గుండెలు బాదుకుంటూ, “మందు వెట్టి సంపింది, నా కొడుక్కు మందు వెట్టింది,” అని వాడంతా తిరిగింది. మందు పెట్టడం అంటే తెలుసు కదా, అన్నంలో కలిపి మనిషిని తీసేయడం. అప్పటి నుంచి నాకు ఆ మాట వింటేనే నరాలు లాగుతాయి.

ఆయన అంతా విని, “మా ఇంటామె గూడ వెట్టింది అక్కా, గదే పొడి. నాకు ఎర్కే. ఎర్కుండే తిన్న,” అన్నాడు.

“ఎర్కుండి ఎట్ల తిన్నవ్?”

“మానాల్నని నాకు గూడ ఉండె గద.”

ఆ మాటకు నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. మా ఆయనకు కూడా అట్లా ఉండి ఉంటే అన్న ఆలోచన నాకు అక్కర్లేదు.

కేంద్రం పక్కనే మూతపడ్డ ఫంక్షన్ హాలు ఉంది. కేంద్రం నడిపే డాక్టరు సారు దాన్ని కూడా తీసుకుని, మంచాలు పెంచి, ఆడవాళ్లకు కూడా ఒక వార్డు పెడతాడని తెలిసింది. కాలనీ భగ్గుమంది. మా ప్రెసిడెంటు ఈ నేల పాత పటేళ్ల మనిషి, ఇప్పుడు ప్లాట్ల పని చేస్తాడు. “పట్నంల ఉన్న తాగుబోతులంత మన గల్లీకే రావాల్నా?” అని మీటింగు పెట్టాడు. గుంటూరు దిక్కు నుంచి వచ్చి స్థిరపడ్డ టీచరమ్మ ఒకావిడ లేచి చెప్పింది: “మేమెవరి చెడూ కోరట్లేదండీ. మొన్న ఒకడు గోడ దూకి మా డాబా మీద పడ్డాడు, ఒంటి మీద గుడ్డ లేదు, చేతిలో గాజు పెంకు. మా మనవరాలు అక్కడ కూర్చుని చదువుకుంటోంది. ఆ పిల్ల ఇప్పటికీ డాబా ఎక్కదు. ఇంకో వందమందిని తెచ్చి పెడితే మేమెక్కడికి పోవాలి చెప్పండి?”

ఆవిడ చెప్పింది అబద్ధం కాదు. నా సంగతి వేరే. ఒక తాగుబోతును మోసి మోసి కాటికి పంపాను. మిగిలిన రోజులైనా వాళ్ల మొహాలు చూడకుండా బతకాలి అనుకున్నాను. హాలు వద్దని రాసిన కాగితం మీద మొదటి సంతకం నాదే. దాచలేదు, పోయి ఆయనకే చెప్పాను.

“మీ హాలు రానియ్య. కొట్లాడ్త.”

“కొట్లాడక్కా. నీది న్యాయమే.” కూర కాడలు దులుపుతూ అన్నాడు: “కాకపోతే గాల్లను ఏడ వెట్టాల్నో చెప్పి కొట్లాడు. ఇంట్ల ఉంటే నీ అసొంటోళ్ల చేతులు ఇరుగుతయి. రోడ్డు మీదుంటే బండి కింద వడ్తరు. గీ గల్లీ కాకపోతే ఏ గల్లీ?”

“నాకేమెర్క? నన్ను అడిగి తాగిన్రా?”

“అడగలే,” అన్నాడు. పుంటికూర తీసుకుని లోపలికి పోయాడు.

గేటు ముందు వంటావార్పు పెట్టాం. రోడ్డు మీదే పొయ్యి పెట్టి, అక్కడే వండి, అక్కడే తిని, దారి బంద్ చేయడం. తెలంగాణ కొట్లాట రోజుల నుంచి మాకు అలవాటు. పొయ్యి పని నాకు అప్పగించారు. మూడు రాళ్లు తెచ్చి పెట్టి, పెద్ద గిన్నెలో ఎసరు పెట్టాను. నీళ్లు తక్కువ పడితే ఆయనే గేటు లోపలి నుంచి రెండు బకెట్లు తెచ్చి ఇచ్చాడు.

“మా మీదనే కొట్లాట, మా నీళ్లతోనే వంట,” అన్నాడు.

“వాసన చూసి తెచ్చినవా?”

“చూసిన. మంచి నీళ్లే.”

ఆయన నాతో నవ్వడం అదొక్కసారే చూశాను.

అన్నం ఉడికి గంజి వార్చబోయే వేళకు వ్యాను ఒకటి వచ్చింది. లోపల ఒక మనిషి. కల్తీ కల్లుకు అలవాటు పడ్డవాడు, రెండు రోజులుగా కల్లు దొరక్క పిచ్చి లేచింది. చేతులు తువ్వాలతో కట్టి అన్నదమ్ములు ఇద్దరు పట్టుకున్నారు. “అమ్మా, దారియ్యుండ్రి, సచ్చిపోతడు,” అని ఒకడు బతిమాలాడు. ప్రెసిడెంటు మైకులో, “బండి వెనకకు తిప్పుండ్రి,” అన్నాడు. ఎవరో అద్దం మీద కట్టెతో కొట్టారు. అద్దం పగిలి పెంకులు లోపలికి పడ్డాయి. పెంకులు పడగానే ఆ మనిషి తలుపు తన్నుకుని బయటికి దూకాడు. కట్టిన చేతులతో ఉరికి, నేరుగా వచ్చి నా పొయ్యి మీద పడ్డాడు. గిన్నె తిరగబడింది. మరిగే గంజి పోయి పక్కన కుర్చీలో కూర్చున్న టీచరమ్మ కాళ్ల మీద పడింది. ఆవిడ అరుపు నేను చెప్పలేను. పాదాల మీద తోలు చీరకు అంటుకుని లేచి వచ్చింది.

ఇక ఎవరూ ఆగలేదు. చెప్పులు, ఫ్లెక్సీ కట్టెలు, చేతికి ఏది దొరికితే అది. వాడి చేతులు కట్టే ఉన్నాయి. పడి, లేవబోయి, మళ్లీ పడ్డాడు. నా చేతిలో ఇనుప గంటె ఉంది. దాంతో వాడి వీపు మీద, మెడ మీద, మొహం మీద కొట్టాను. పళ్లు ఊడిన చప్పుడు విన్నాను. మా ఆయన్ను కొట్టలేకపోయిన దెబ్బలన్నీ వాణ్ణి కొట్టాను. నాకు హాయిగా ఉండింది. ఇది కూడా రాయి బిడ్డా, హాయిగా ఉండింది.

ఆయన గేటు తెరుచుకుని వచ్చాడు. జనంలోకి భుజాలతో తోసుకుని వచ్చి, వాడికి అటొక కాలు ఇటొక కాలు వేసి నిలబడ్డాడు. చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. మణికట్టు పట్టుకున్నాడు.

“సాలు. వాడు ఇప్పుడు మనిషి సోయిల లేడు. కొట్టాల్నని ఉంటే నన్ను కొట్టుండ్రి,” అన్నాడు.

కొట్టారు. రాళ్లు కూడా వచ్చాయి. రెండు ఆయన ఛాతీకి తగిలాయి, ఒకటి మోకాలికి. ఆయన కదల్లేదు. ఆయన కదలకపోవడం చూస్తే నాకు పిచ్చి ఎక్కింది. నాకు మోచెయ్యి విరిగిన రోజు మా గుమ్మంలో ఇట్లా అడ్డం నిలబడ్డవాడు ఒక్కడు లేడు, ఈ తాగుబోతుకు మాత్రం ఎందుకు నిలబడాలి అనిపించింది. కొంగు చేతికి చుట్టుకుని నేను పొయ్యి రాయి లాగాను. మసి పట్టి, ఇంకా కాలుతున్నది. మూడడుగుల దూరం నుంచి విసిరాను. ఆయన నన్నే చూస్తున్నాడు. నా చెయ్యి లేవడం చూశాడు. వెనక చేతుల్లో ఒక్కటి వదిలి అడ్డం పెట్టినా రాయి దానికి తగిలి పోయేది. వదల్లేదు. చెవి మీద తగిలింది. చెట్టు పడ్డట్టు పడ్డాడు.

అప్పుడే ఆయన మందు అడిగింది, నేను జవాబు చెప్పింది.

తర్వాత కాళ్లూ చేతులూ కొట్టుకున్నాయి. నోట్లో నురగ. ఆ చేతులు వెనక నుంచి విడిపోయి నేల మీద కొట్టుకోవడం అప్పుడే చూశాం. “తాగినోని సంగతి సూడుండ్రి,” అని ఎవరో అన్నారు. కేంద్రం నర్సమ్మ పరుగెత్తుకొచ్చి జేబులో చెయ్యి పెట్టింది. సున్నం డబ్బా జారి మూత ఊడి, బిళ్లలు గంజిలో పడ్డాయి.

“మందు జేబులనే ఉంది గదమ్మా. అడగలేదా ఈయన?”

ఆడవాళ్లు చెదిరిన చెప్పులు వెతుక్కున్నారు. నేను తిరగబడ్డ గిన్నె లేపి నిలబెట్టాను. సర్కారు దవాఖానలో రెండో రోజు ఆయన ప్రాణం పోయింది. ఆ కల్లు మనిషి మాత్రం బతికాడు.

పోలీసులు వచ్చి, “రాయి ఎవరు ఏసిన్రు?” అని ఇంటింటికీ అడిగారు. ఇంటింటికీ ఒకటే జవాబు, ఎవరో. ప్రెసిడెంటు ఒక కాగితం రాయించాడు. కేంద్రం గేటు మనిషే తాగి వచ్చాడు, పడిపోయి కూడా అందరి ముందూ మందు అడిగాడు, తూలి పొయ్యి రాళ్ల మీద పడి తల పగిలింది, కాపలావాడే తాగుబోతైతే లోపలివాళ్ల సంగతి ఏమిటి అని. అక్కడున్న ఆడవాళ్లందరూ సంతకాలు పెట్టారు. మందు అడగడం నిజంగానే విన్నారు కాబట్టి వాళ్లకు అది అబద్ధం అనిపించలేదు. బిళ్లలు గంజిలో తేలడం నేను చూశాను. చూసి కూడా వంకరగా నా పేరు రాశాను. ఫంక్షన్ హాలు పని ఆగిపోయింది. గెలిచామని గల్లీలో మిఠాయి పంచారు. నా ఇంటికి వచ్చిన డబ్బా అట్లాగే ఉంది, చీమలు పట్టాయి.

దినాలు అయ్యాక ఆయన భార్య వచ్చింది. ఆయన ట్రంకు పెట్టె తీసుకుపోవడానికి. బక్క మనిషి. రోడ్డు దాటి నా బండి దగ్గరికి వచ్చి నిలబడింది. చుట్టూ కూరకు వచ్చిన ఆడవాళ్లు నలుగురు ఉన్నారు.

“కట్టలు కట్టే అక్కవు నువ్వేనా?”

“నేనే, చెల్లె.”

“ఎప్పుడన్న లేదు అన్నంక ఇంకో మాట చెప్తే, నీ మాటనే చెప్పెటోడు.” ఒక కట్ట చేతిలోకి తీసుకుని ముడి చూసింది. “తొమ్మిదేండ్లాయె. రోజు ఫోను వచ్చేది. ఆ రోజు రాలే. అక్కా, ఆయన తాగిండా?”

నేను కూర మీద నీళ్లు చల్లుతూ, తల ఎత్తకుండా, మెల్లగా “తాగలే,” అన్నాను. పైగా నేను ఉన్నది ఆమె కుడి పక్కన. ఆమెకు నా మాట చేరలేదు. ఎడమ పక్కన నిలబడ్డామె గట్టిగా చెప్పింది: “మందు అడిగిండమ్మా. మేమందరం ఇన్నం.”

ఆమె తల ఊపింది. ఏడవలేదు. “గంతేనా,” అంది. ట్రంకు నెత్తిన పెట్టుకుని బస్సుకు పోయింది. నేను రెండడుగులు వేసి ఆమె ఎడమ పక్కకు పోయి ఉంటే సరిపోయేది. రెండే అడుగులు. బండి వదిలి పోలేదు.

పోస్టుమార్టం కాగితం ఎప్పుడో వస్తుందట. అది ఆఫీసుల్లో తిరుగుతుంది, ఆమె దాకా పోదు. అందుకే ఇది రాయిస్తున్నాను. ఆయన తాగలేదు. ఆ రోజు కూడా లేదు. ఇది ఒకటి ఆమెకు పంపాలి, ఒకటి ఠాణాలో నా చేతులతో నేను ఇవ్వాలి.

ఇందాక కలం ఆపి మా కోడలు అంది: “అత్తమ్మా, గిది ఠాణాల ఇస్తే కేసైతది. నిన్ను తీస్కపోతరు. నీ కొడుకు మొహం ఎట్ల చూపెట్టుకుంటడు? ఆయన తాగలేదని రాస్తే సాలదా? రాయి ముచ్చట ఎందుకు?”

నాకు నిన్ను చూస్తే కోపం లేదు బిడ్డా. నా మంచి కోరేదానివి. అందుకే భయం. నువ్వు నా మోటు మాటలు కూడా దిద్ది, పుస్తకంలో మాటల్లా రాస్తున్నావు, రాస్తూ పెదవులు కదిలిస్తుంటే తెలుస్తూనే ఉంది. దానికి నేను ఏమీ అనను. కానీ పొయ్యి రాయి లాగిన చోట నేను ‘నేను’ అని చెప్పాను. నువ్వు అక్కడ ఏం రాశావో నాకు తెలియదు. ‘నేను’ ఎట్లా ఉంటుందో, ‘ఎవరో’ ఎట్లా ఉంటుందో గుర్తుపట్టే చదువు నాకు లేదు. మొదటి నుంచి చదివి వినిపించు. తొందర లేదు. ఆ చోటికి వచ్చినప్పుడు కాగితం మీద వేలు పెట్టి, నా మొహం చూసి చదువు.